ఆర్‌సీ కెర్నల్ పేరు మారాలా, సార్టింగ్ మారాలా?

నల్లతెర:
లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 6.1 ఫైనల్‌ని సొంతంగా కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేశాను. బూట్ మెనూలో పైన కూర్చున్నది మాత్రం పాత 6.1.0-ఆర్‌సీ8 (ఆర్‌సీ అంటే రిలీజ్ క్యాండిడేట్, ఫైనల్‌కి ముందొచ్చే పరీక్షా వెర్షన్). సార్ట్ కమాండ్‌కి వెర్షన్ ఆప్షన్ ఇచ్చి చూసినా అదే వరుస: ముందు 6.1.0, తర్వాత ఆర్‌సీ8. తోక ఉన్నదే కొత్తదని దాని లెక్క. ఫైనల్ కంటే ముందొచ్చినదానికి ఇలాంటి పేరు పెట్టడమే తప్పు. డెబియన్ (ఒక లినక్స్ పంపిణీ) ప్యాకేజీల్లోలాగా, "దీనికంటే ముందుది" అని అర్థమొచ్చే టిల్డే గుర్తు పెట్టి 6.1~ఆర్‌సీ8 అనేస్తే గొడవ వదిలిపోదా?

తీగలాగితే:
వదలదండీ. కెర్నల్ విడుదలలకు కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ టూల్‌లో పెట్టే ట్యాగులే (విడుదల పేర్లే) ఆధారం. ట్యాగు పేరులో టిల్డేని గిట్ ఒప్పుకోదు. అక్కడ ఆ గుర్తుకి "ఇన్ని కమిట్లు (నమోదైన మార్పులు) వెనక్కి" అని అర్థం. 2011లో 3.0 వచ్చినప్పుడు, మూడో అంకె లేకపోతే స్క్రిప్టులు చెడతాయని వెర్షన్ చూపించే యునేమ్ కమాండ్‌లో 3.0.0 అనే చూపించారు. ఒక్క సున్నాకే అంత తంటా. పేరు జోలికి పోకుండా, ఆర్‌సీ అంటే ముందుదని టూల్‌కి చెప్పాలి. గిట్‌లో వెర్షన్‌సార్ట్ సెట్టింగ్ ఉన్నది అందుకే.

సగంకంపైల్:
చెప్పడం అంత తేలికా? డెబియన్ వాళ్ల 6.1.0-13లో హైఫన్ తర్వాతి 13 ఎంత పెరిగితే అంత కొత్తది. 6.1.0-ఆర్‌సీ8లో అదే హైఫన్ వెనక్కి లాగుతుంది. పోనీ "ఆర్‌సీ అక్షరాలు కనిపిస్తే వెనక్కి నెట్టు" అని రాస్తే, ఆర్‌సీయూ (కెర్నల్‌లోని ఒక సింక్రనైజేషన్ పద్ధతి) ప్యాచ్‌ల టెస్టింగ్‌కి నేను "-ఆర్‌సీయూ" అని తోక తగిలించిన కెర్నల్ కూడా వెనక్కి పోతుంది. సెమ్‌వెర్ (వెర్షన్ నంబర్లు రాసే ఒక ప్రామాణిక పద్ధతి) రూలు అక్షరం అక్షరం పోలుస్తుంది కాబట్టి, దాని ప్రకారమైతే ఆర్‌సీ10 పోయి ఆర్‌సీ9 కంటే ముందు కూర్చుంటుంది, మధ్యలో చుక్క పెడితే తప్ప. కెర్నల్ మామూలుగా ఆర్‌సీ7, 8తో ఆగిపోతుంది కాబట్టి ఆ బాధ అరుదు.

తీగలాగితే:
డ్రైవర్లు రాసేవాళ్ల కష్టం ఇంకోటి. సీ కోడ్‌కి కనిపించే వెర్షన్ నంబరులో ఆర్‌సీ ఊసే ఉండదు, 6.1-ఆర్‌సీ1, 6.1 రెండూ ఒకటే. ఆర్‌సీ1 రాకముందు రెండు వారాల మర్జ్ విండోలో అయితే, కొత్త మార్పులన్నీ చేరిపోతున్నా కెర్నల్ సోర్స్ కోడ్ ట్రీ ఇంకా 6.0 అనే చెప్పుకుంటుంది. దీన్ని ఏ టిల్డే బాగుచేస్తుంది?

సగంకంపైల్:
అది వేరే జబ్బు, కలపకండి. అప్‌స్ట్రీమ్ (అసలు కెర్నల్ తయారుచేసేవాళ్లు) పెట్టిన పేరు అలాగే ఉంచి, ప్యాకేజీ కట్టేవాళ్లు టిల్డేగా మార్చుకోవాలి. డెబ్, ఆర్‌పీఎం అనే రెండు ప్యాకేజీ రకాల్లోనూ ఆ వీలు ఉంది.

నల్లతెర:
చేత్తో కంపైల్ చేసుకునే నాలాంటివాళ్లకి ప్యాకేజీ ఎక్కడిదండీ? ప్రస్తుతానికి ఆర్‌సీ8 ఇమేజ్‌ని బూట్ ఫోల్డర్‌లోంచి తీసేసి మెనూ మళ్లీ తయారుచేశాను. పేరు తప్పన్న మాట మాత్రం మార్చుకోను.