పరిశోధనలు చదవడం నేర్పితే ఆరోగ్య శాఖలో నిర్ణయాలు మారతాయా?

తోటమాలి:
పోయిన నెల జిల్లా ఆరోగ్య అధికారులకు మూడు రోజుల శిక్షణలో పాఠాలు చెప్పాను. మొదటి రోజు "గర్భిణుల్లో రక్తహీనతకు ఏది పనిచేస్తుందో వెతకండి" అంటే అందరూ గూగుల్ తెరిచారు. ముందు వరసలో ఒకాయనకు పైన కనబడింది ఓ టానిక్ కంపెనీ ప్రకటన. మూడో రోజుకి ఆయనే కోక్రేన్ సమీక్షలో (ఒకే ప్రశ్న మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి తేల్చే నివేదిక) ఫలితాల బొమ్మ చూసి, "ఈ డైమండ్ గుర్తు నిలువు గీతను తాకుతోంది కదా మేడం, అంటే తేడా ఉందని గట్టిగా చెప్పలేం" అన్నారు. ఆ బొమ్మలో డైమండ్ అంటే పరిశోధనలన్నిటి మొత్తం ఫలితం, నిలువు గీత అంటే తేడా లేదని. భలే సంతోషం వేసింది. 2007లోనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) డబ్బు కట్టి, ఆ సమీక్షలుండే కోక్రేన్ లైబ్రరీని దేశమంతా ఉచితంగా చదువుకునేలా చేసిందని హాల్లో ఇద్దరికే తెలుసు. ఈ శిక్షణ పూర్తిచేస్తేనే ప్రమోషన్ అనాలని నా వాదన. మీరేమంటారు?

పాతఫైలు:
సెక్రటేరియట్‌లో ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసి రిటైరయ్యాను. నేను ఒప్పుకోను. చదవడం రాకపోవడం కాదండీ అసలు జబ్బు. కొవిడ్‌లో ప్లాస్మా (కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసిన ద్రవం) సంగతి చూడండి. అది పనిచేస్తుందో లేదో చూసిన ప్లాసిడ్ ట్రయల్ చేసింది ఐసీఎంఆరే. 39 ఆస్పత్రులు, 464 మంది రోగులు. ప్లాస్మా ఎక్కించినా జబ్బు ముదరడంలో గానీ చావుల్లో గానీ తేడా లేదని 2020 అక్టోబరులో బీఎంజే అనే వైద్య పత్రికలో అచ్చయింది. మార్గదర్శకాల్లోంచి తీసేసింది 2021 మేలో. మధ్యలో ఏడు నెలలు. సెకండ్ వేవ్‌లో ప్లాస్మా దాత కోసం జనం వాట్సాప్ గ్రూపుల్లో కాళ్లావేళ్లా పడ్డారు. ట్రయల్ చేసినవాళ్లకే చదవడం నేర్పుతారా?

నైట్‌డ్యూటీ:
పాతఫైలు గారూ, సగమే చెప్పారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఏమైంది? వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో చావులు మూడో వంతు తగ్గాయని ఇంగ్లాండ్ రికవరీ ట్రయల్ వాళ్లు 2020 జూన్ 16న చెప్పారు. జూన్ 27కల్లా మన కేంద్ర ఆరోగ్య శాఖ చికిత్స విధానంలోకి అది వచ్చేసింది. పదకొండు రోజులు! అదే శాఖ, అదే మనుషులు. కొత్త మందు చేర్చమంటే ఎవరికీ నష్టం లేదు. ఉన్నదాన్ని తీసేయమంటేనే తంటా. రాత్రి రెండింటికి "ప్లాస్మా ఎందుకు ఎక్కించట్లేదు, మా నాన్నను చంపేస్తారా" అని కొడుకు కాలర్ పట్టుకుంటే, బీఎంజే పేపర్ చూపించలేం కదా. మార్గదర్శకంలో "వద్దు" అన్న ఒక్క ముక్క ఉంటే చాలు, మాకు అదే పెద్ద అండ.

సీమబిడ్డ:
మీరంతా లండన్ పేపర్ల గురించే మాట్లాడుతున్నారు. మన దగ్గరి గర్భసంచి ఆపరేషన్ల మాటేమిటి? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8కి దగ్గర. ఇది తెలియడానికి కోక్రేన్ అక్కర్లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆ పథకం కింద ఏ ఊళ్లో, ఏ వయసువాళ్లకి, ఎన్ని ఆపరేషన్లు అన్నది బిల్లుల రూపంలో సర్కారు చేతిలోనే ఉంది. దాన్ని ఎక్సెల్‌లో వయసు ప్రకారం సార్ట్ చేయడం నేర్పండి ముందు. మా పిన్నికి ముప్పై రెండేళ్లకే తీసేశారు. "క్యాన్సర్ వస్తుందమ్మా" అని భయపెట్టారట.

తోటమాలి:
సీమబిడ్డ గారి మాట నిజమే. మా శిక్షణలో సొంత లెక్కలకు ఇచ్చింది ఒక్క గంట. అయితే చిన్న గొడవ ఉంది. లెక్క "ఎక్కువగా ఉంది" అని చెబుతుంది. ఆపరేషన్ బదులు ఏం చేయాలి, మందులతో ఎంతమందికి నయమవుతుంది అన్నది చెప్పేది పరిశోధనే. రెండూ కావాలి.
ఇంకోటి మొదట చెప్పలేదు, కాస్త సిగ్గుగా ఉండి. డైమండ్ బొమ్మ చదివిన ఆ సారే, చివరి రోజు టీ దగ్గర అడిగారు: "బాగానే ఉంది మేడం. ఇది ఫైల్లో ఎక్కడ రాయాలి?" నా దగ్గర జవాబు లేదు. ప్రమోషన్ షరతు మాట వెనక్కి తీసుకుంటున్నా. సర్టిఫికెట్ల కోసం వచ్చి కూర్చుంటారు, అంతే. వచ్చే బ్యాచ్‌కి మూడో రోజంతా ఒకే పని ఇస్తాను: పనిచేయని ఒక పథకాన్ని ఆపమంటూ నోట్ రాయడం. పాతఫైలు గారూ, అలాంటి నోట్ ఎప్పుడైనా పాసైందా?

పాతఫైలు:
రెండే రెండు. రెంటిలోనూ పరిశోధన ఒక్క పేరానే. మిగతాదంతా గోడౌన్‌లో మిగిలిన సరుకు ఏం చేయాలి, కాంట్రాక్టు ఎప్పటికి ముగుస్తుంది, మిగిలే డబ్బు ఏ పద్దుకు మళ్లించాలి. ఆ మూడూ లేకపోతే ఫైనాన్స్ వాళ్లు "చర్చించండి" అని రాసి వెనక్కి పంపుతారు. నమూనా ఒకటి పేర్లు కొట్టేసి టైప్ చేసి పెడతాను. నాలుగు రోజులు ఆగండి, కళ్లజోడు రిపేరుకిచ్చాను.