మైల్స్ స్టాండిష్ ఏ ఊరివాడు? లాంకషైరా, ఐల్ ఆఫ్ మానా?

బోస్టన్ బాబాయ్:
మొన్న ఆదివారం పిల్లల్ని ఇక్కడ మసాచుసెట్స్‌లోనే ఉన్న డక్స్‌బరీ తీసుకెళ్లాను. అక్కడ గుట్ట మీద మైల్స్ స్టాండిష్ పేరున పెద్ద స్తంభం ఉంది. 1620లో మేఫ్లవర్ ఓడలో ఇంగ్లండ్ నుంచి అమెరికా వచ్చి, ప్లిమత్ వలసవాళ్ల దండుకి కెప్టెన్ అయినాయన. ఎక్కడ పుట్టాడు నాన్నా అని మావాడు అడిగితే ఇంగ్లండ్‌లో లాంకషైర్ అనేశాను. ఇంటికొచ్చి చదివితే కొందరు ఇంగ్లండ్‌కీ ఐర్లండ్‌కీ మధ్యనున్న ఐల్ ఆఫ్ మాన్ దీవి అంటున్నారు. ఏది నమ్మాలి?

కరణంగారి మనవడు:
లాంకషైరే, అనుమానం అక్కర్లేదు. నథానియల్ మోర్టన్ 1669లో అచ్చు వేసిన కాలనీ చరిత్రలో సూటిగా అదే రాశాడు. మోర్టన్ ఎవరో దారిన పోయేవాడు కాదు, కాలనీ కార్యదర్శి, గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ భార్యకి అక్క కొడుకు, 1623లో పిల్లాడిగా వచ్చి స్టాండిష్‌ని కళ్లారా చూస్తూ పెరిగినవాడు. పైగా డక్స్‌బరీ అన్న పేరే లాంకషైర్‌లో స్టాండిష్‌ల బంగళా పేరు.

పాత దస్తావేజు:
మనవడు గారూ, మీరు కరణంగారింటి వాళ్లయి ఉండి స్టాండిష్ వీలునామా చూడకుండా తీర్పు చెప్తే ఎలా? 1656లో చనిపోయే ముందు రాయించిన దాంట్లో లాంకషైర్‌లోని ఓర్మ్‌స్కిర్క్, బర్స్కో, రైటింగ్టన్, మాడ్స్‌లీ, న్యూబరో, క్రోస్టన్, ఇంకా ఐల్ ఆఫ్ మాన్, ఇన్నిచోట్ల భూములు తనకి వారసత్వంగా రావాలనీ, వాటిని దొంగచాటుగా తనకి దక్కకుండా చేశారనీ చెప్పి, ఆ హక్కు కొడుకు అలెగ్జాండర్‌కి రాశాడు. అంటే దాయాదుల తగాదా, మనకి తెలియనిదా! 20వ శతాబ్దం మొదట్లో థామస్ పోర్టియస్ అనే ఆయన పాత పత్రాలు తిరగేసి, ఇవి ఓర్మ్‌స్కిర్క్ స్టాండిష్‌ల భూములనీ, వాళ్లలో ఒక శాఖ ఐల్ ఆఫ్ మాన్‌లో ఉండేదనీ వాదించాడు. మోర్టన్ విషయానికొస్తే, ఆయన కూడా "దొంగచాటుగా" అన్న ఆ మాటే వాడాడు చూడండి. వీలునామా దగ్గర పెట్టుకుని రాసినట్టుంది. అలాంటప్పుడు ఆయన్ని వేరే సాక్షిగా లెక్క కట్టడం కుదరదు.

కరణంగారి మనవడు:
ఆ మాట ఒకటే అన్న సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నా. కానీ వీలునామాలో పుట్టిన ఊరు అన్న ముక్క ఎక్కడుంది? మా తాతగారికి మూడు ఊళ్లలో పొలాలుండేవి, పుట్టింది మాత్రం నాలుగో ఊళ్లో, అమ్మమ్మగారింట్లో. భూముల జాబితా పట్టుకుని పురుడు ఎక్కడ పోశారో చెప్పలేం, అది లాంకషైర్‌కైనా ఐల్ ఆఫ్ మాన్‌కైనా వర్తిస్తుంది.

బోస్టన్ బాబాయ్:
లాంకషైర్‌లోని చార్లీ ఊరి చర్చి రిజిస్టర్‌లో ఆయన పేరున్న పేజీని ఎవరో కావాలని గీకేశారని కూడా చదివాను?

పాత దస్తావేజు:
ఆ కథ 19వ శతాబ్దం నుంచి తిరుగుతోంది బాబాయ్ గారూ. పేజీ చదవడానికి రావట్లేదు కాబట్టి ఆయన పేరు అక్కడే ఉండి ఉంటుందట! ఇదేం లాజిక్? వారసత్వం మీద ఆశ ఉన్నవాళ్లకి గీకేసిన పేజీ కన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది, అది ఎదురు చెప్పదు కదా. వీలునామాలోనే "స్టాండిష్ ఆఫ్ స్టాండిష్" వంశంలో చిన్న తమ్ముడు మా ముత్తాత అని గొప్పగా చెప్పుకున్నాడు. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత గుర్తొచ్చింది నాకు.

చేపల పులుసు:
పుట్టిన ఊరు కోసం ఇంత కొట్టుకుంటున్నారు, ఆయన చేసిన పని ఒక్కరూ ఎత్తరేం? 1623లో వెస్సగస్సెట్‌లో, అంటే ఇప్పటి వేమత్‌లో, పెక్సువాట్ అనే ఆదివాసీ యోధుడు నువ్వు పొట్టివాడివని ఎగతాళి చేశాడట. స్టాండిష్ అతన్ని ఒక ఇంట్లోకి రప్పించి, తలుపు మూయించి, అతని కత్తే లాక్కుని అతన్నే పొడిచి చంపాడు. అతని తోటి యోధుడు విటువామట్ తల నరికి తెచ్చి ప్లిమత్ కోట మీద పెట్టారు. ఈ సంగతి విని హాలండ్‌లోని లైడెన్ నుంచి వాళ్ల పాస్టర్ జాన్ రాబిన్సనే, ఎవర్నీ చంపకముందు కొందర్నైనా మతంలోకి మార్చి ఉంటే ఎంత బాగుండేదని బాధపడుతూ ఉత్తరం రాశాడు.

కరణంగారి మనవడు:
వాళ్లే ముందు దాడికి కుట్ర పన్నారని మసాసాయిట్ చెప్పాడు కదా.

చేపల పులుసు:
చెప్పాడని రాసింది ఎవరు? ఎడ్వర్డ్ విన్స్‌లో, ప్లిమత్ మనిషి. మోర్టన్‌ని పట్టిన తూకంతో ఆయన్నీ పట్టండి మరి.

పాత దస్తావేజు:
న్యాయమైన మాట. అయితే అదే స్టాండిష్ మొదటి చలికాలంలో, తన భార్య రోజ్ కూడా పోయిన ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లో, వచ్చినవాళ్లలో దాదాపు సగంమంది చచ్చిపోతుంటే, రోగుల బట్టలు ఉతికి, పక్కలు ఎత్తి చాకిరీ చేశాడని బ్రాడ్‌ఫర్డ్ రాశాడు. ఆ మనిషీ ఈ మనిషీ ఒకడే.

బోస్టన్ బాబాయ్:
సరే, మావాడికి లాంకషైర్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. వెస్సగస్సెట్ సంగతి కూడా చెప్పాలి. వాడికి తొమ్మిదేళ్లు, ఎలా చెప్పాలో చూస్తాను.