పెన్ టాబ్లెట్‌లో కర్సర్ కదులుతోంది, ప్రెషర్ మాత్రం రావట్లేదు

హన్మకొండలో మాది చిన్న పెళ్లిపత్రికల షాపు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక పెన్ టాబ్లెట్ (పెన్నుతో రాస్తే కంప్యూటర్‌లో గీత పడే పలక) కొన్నాను. కంపెనీ డ్రైవర్ విండోస్ 11లో ఎక్కనంటోంది, అందుకే దాన్ని తీసేసి, చాలా కంపెనీల టాబ్లెట్లకు పనిచేసే ఉచిత డ్రైవర్ ఓపెన్‌టాబ్లెట్‌డ్రైవర్ వేశాను. కర్సర్ చక్కగా కదులుతోంది. కానీ గట్టిగా నొక్కినా, మెల్లగా రాసినా గీత ఒకే మందం. ‘శుభలేఖ’లో ‘శు’ కొమ్ము చివర సన్నబడాలి కదా, మార్కర్‌తో గీకినట్టు మొద్దుగా వస్తోంది.

పెన్ను పాడైందనుకుందామంటే, ఆ డ్రైవర్‌లో పెన్ను సంకేతాలు చూపించే డీబగ్గర్‌లో నొక్కినకొద్దీ ప్రెషర్ అంకె పెరుగుతూనే ఉంది. ప్రెషర్‌ని విండోస్‌కి అందించడానికి వీమల్టీ డ్రైవర్, విండోస్ ఇంక్ ప్లగిన్ రెండూ వేశాను. అవుట్‌పుట్ మోడ్ కూడా మార్చాను. రీస్టార్ట్ ఎన్నిసార్లు చేశానో అడగకండి.

పాత డ్రైవర్ ముక్కలేమైనా మిగిలి అడ్డుపడుతున్నాయా? లేక నేను గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో, పెన్ను ప్రెషర్ అందుకునే పద్ధతిగా వింటాబ్ బదులు విండోస్ ఇంక్ ఎంచుకోవాలా? వాడినవాళ్లు కాస్త చెప్పండి. పెళ్లిళ్ల సీజన్, టెన్షన్‌గా ఉంది.