ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి: క్వెరీలు ముందే తిరగరాయాలా, ఎక్కించాక చూసుకోవాలా?

గుంటూరు_కోడర్:
మిర్చి యార్డు కమీషన్ కొట్లకి లెక్కల సాఫ్ట్‌వేర్ మాది, డేటాబేస్‌ని ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారుస్తున్నాం. క్వెరీల్లో (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశాలు) సింటాక్స్ వరకు మార్చి ఎక్కించేద్దాం, స్లో అయినవి తర్వాత చూద్దాం అంటున్నారు మా లీడ్. సీజన్ మొదలైతే ఊపిరి సలపదు, అన్నీ ముందే తిరగరాయాలని నేను. ఏమంటారు?

బెజవాడ_బ్యాకెండ్:
మీ లీడ్ చెప్పిందే కరెక్ట్ బ్రో. ఏది స్లో అవుద్దో ముందే ఎవరికి తెలుసు? పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ (ఏ క్వెరీకి ఎంత టైమ్ పట్టిందో లెక్కకట్టే ఎక్స్‌టెన్షన్) ఆన్ చేసుకుని ఎక్కువ టైమ్ తినేవాటిని పట్టుకుంటే సరిపోద్ది. పనిచేసే క్వెరీని కదిపి రైతు పట్టీలో లెక్క తేడా వస్తే ఎవరు జవాబు చెప్తారు?

పాత_డీబీఏ:
బ్యాకెండ్ గారూ, ఆ భయమే నాదీను. కదపకపోయినా లెక్క తేడా వస్తుందండీ! ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగ్ అన్నా నల్ (విలువే లేకపోవడం) అన్నా ఒకటే, పోస్ట్‌గ్రెస్‌కి రెండూ వేరు. రెండు కాలమ్స్‌ని రెండు నిలువు గీతలతో అతికించేటప్పుడు ఒకటి నల్ అయితే ఒరాకిల్ రెండోదాన్ని ఇస్తుంది, ఇక్కడ మొత్తం నల్ అయిపోద్ది, ఎర్రర్ కూడా రాదు. హింట్ల (క్వెరీని ఎలా నడపాలో ఒరాకిల్‌కి చెప్పే సూచనలు) సంగతీ అంతే, పోస్ట్‌గ్రెస్ వాటిని మామూలు కామెంట్లనుకుని వదిలేస్తుంది, మీరేమో హింట్ పనిచేస్తుందనుకుంటూ ఉంటారు.

ఇంకోటి, తర్వాత చూద్దాం అంటే కుదరనిది కాలమ్ టైపు. ఒరాకిల్ నంబర్ టైపుని కన్వర్షన్ టూల్ న్యూమరిక్‌గా (దశాంశాలు కూడా పట్టే టైపు) తెస్తే లాట్ ఐడీ మీద జాయిన్లన్నీ (టేబుళ్లని కలపడాలు) బిగ్‌ఇంట్ (పూర్ణాంకాల టైపు) కంటే బరువుగా నడుస్తాయి, డేటా నిండాక మారుద్దామంటే టేబుల్ మొత్తం తిరిగి రాయాలి, రాసేదాకా లాక్, సీజన్‌లో ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి.

గుంటూరు_కోడర్:
అన్నా ఐడీలు న్యూమరిక్‌లోనే వచ్చాయి, ఇవాళే మారుస్తా. అమ్మకం తేదీ మీద ట్రంక్ (టైమ్ తీసేసి తేదీ మాత్రం ఉంచే ఒరాకిల్ ఫంక్షన్) పెట్టిన క్వెరీలు చాలా ఉన్నాయి, దాన్ని పోస్ట్‌గ్రెస్ డేట్_ట్రంక్‌గా మారిస్తే సరిపోద్దా?

పాత_డీబీఏ:
చాలదు తమ్ముడూ. కాలమ్‌ని ఫంక్షన్‌లో చుడితే దాని మీదున్న మామూలు ఇండెక్స్ (వరసల్ని త్వరగా వెతికే సూచిక) వాడదు. ఆ రోజు సున్నా గంటల నుంచి, మర్నాడు సున్నా గంటల కంటే తక్కువ అని రేంజ్‌గా రాయి. ఒరాకిల్ డేట్‌లో టైమ్ కూడా ఉంటుంది, టైమ్‌స్టాంప్‌గా తెచ్చావో లేదో చూసుకో.

బెజవాడ_బ్యాకెండ్:
టైపులు, నల్ ముందే చూడాలి, ఒప్పుకుంటా. మిగతా వాటి మీద నా మాట మారదండీ. విత్ క్లాజులన్నీ (క్వెరీ మొదట్లో పేరు పెట్టి రాసుకునే చిన్న క్వెరీలు) విడగొట్టి సబ్‌క్వెరీలు చేయమని పాత సలహాలు కనిపిస్తాయి, 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఒక్కసారే వాడిన విత్‌ని మామూలుగా పోస్ట్‌గ్రెస్సే అసలు క్వెరీలో కలిపేసుకుంటుంది. అవన్నీ కూర్చుని తిరగరాయడం దండగ.

పాత_డీబీఏ:
విత్ సంగతి నిజమే, వాటి జోలికి పోవద్దు. కాకపోతే ఏవి తిరగరాయాలో టెస్టులోనే తేల్చుకోవచ్చు, సీజన్ దాకా ఎందుకు? పూర్తి డేటా ఎక్కించి, ముందు అనలైజ్ (టేబుళ్ల గణాంకాలు తీసే కమాండ్) కొట్టి, అప్పుడు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీని నడిపి దాని ప్లాన్, పట్టిన టైమ్ చూపేది) చూడండి. వెయ్యి వరసల టేబుల్ మీద చూస్తే ఇండెక్స్ ఉన్నా సీక్వెన్షియల్ స్కానే (టేబుల్ మొత్తం వరసగా చదవడం) ఎంచుకోవచ్చు, ఆ ప్లాన్ చూసి ఏదీ తేల్చొద్దు.