లోకోవీడ్‌ను 'పిచ్చి మొక్క' అనవచ్చా?

నిన్నటి చర్చలో ఒక సభ్యురాలు 'లోకోవీడ్'కు తెలుగు మాట అడిగారు. అమెరికా పశ్చిమాన ఎండు మైదానాల్లో పశువుల్ని పాడుచేసే మొక్క అది. స్పానిష్‌లో 'లోకో' అంటే పిచ్చిపట్టిన అని అర్థం, 'వీడ్' అంటే కలుపు. కాబట్టి 'పిచ్చి మొక్క' అంటే రెండు ముక్కలూ కలిసొస్తాయని ఎక్కువమంది తేల్చేశారు. నాకు అది ఒప్పుదలగా లేదు. ఈ రెండు పేర్లలో పిచ్చి ఎవరిది అని ఒక్కసారి అడిగి చూడండి.

మనం పిచ్చి మొక్క అన్నప్పుడు దాన్ని తిన్నవాళ్లకు ఏదో అవుతుందని కాదు. ఎవరూ నాటలేదు, ఎవరికీ అక్కర్లేదు, పేరైనా ఎవరూ కనుక్కోలేదు, అంతే. పిచ్చి గీతలు, పిచ్చి రాతలు, పిచ్చి కాగితాలు ఈ వరసలోవే. లోకోవీడ్‌లో పిచ్చి మొక్కది కాదు, గుర్రానిది.

మొక్క సంగతి తెలియకుండా పేరు పెట్టలేం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కొలరాడో తూర్పు మైదానాలు, న్యూ మెక్సికో, పశ్చిమ టెక్సస్, వయోమింగ్, యూటా. వాన తక్కువ, గాలి ఎక్కువ ఉండే మేత భూములు. అక్కడి చిక్కుడు కుటుంబపు మొక్కల్లో ఆస్ట్రగలస్, ఆక్సీట్రోపిస్ అనే రెండు ప్రజాతులున్నాయి. వాటిలో కొన్ని జాతుల్ని కలిపి లోకో అంటారు. పొట్టి మొక్కలు. వెంపలిలాగా ఈనెకు అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు, చాలావాటికి ఆకుల మీద వెండిరంగు నూగు, ఊదా లేదా తెల్లని పూలు. చలికాలం వెళ్లీవెళ్లకముందే, గడ్డి ఇంకా ఎండిపోయి ఉండగానే ఇవి పచ్చగా లేస్తాయి. ఆకలిమీదున్న గుర్రం, గొర్రె, ఆవు వాటిమీదికే పోతాయి.

ఒక పూట మేస్తే ఏమీ కాదు. వారాల తరబడి మేస్తే మొదలవుతుంది. తల వేలాడేస్తుంది, అడుగు తడబడుతుంది, కళ్లలో కళ తప్పుతుంది, మందను వదిలి ఒంటరిగా నిలబడుతుంది. దారిలో చిన్న కర్ర అడ్డముంటే ఎత్తయిన గోడ ఉన్నట్టు ఎగిరి దూకుతుంది. ఉన్నట్టుండి బెదిరిపోతుంది. చూడి పశువులు ఈసుకుపోతాయి. మేత మాన్పిస్తే కొంత కోలుకుంటాయి గానీ, ఒకసారి లోకో పట్టిన గుర్రాన్ని మళ్లీ నమ్మి ఎక్కడం కష్టం. అక్కడి కాపరులు ఆ స్థితికి పెట్టిన పేరే తరవాత మొక్కకూ అంటుకుంది.

దీన్ని వదిలించుకోవడానికి వాళ్లు పడ్డ పాట్లు తక్కువవి కావు. 1881లో కొలరాడో శాసనసభ, పెరికి తెచ్చిన లోకోకు పౌనుకు ఒకటిన్నర సెంటు చొప్పున ఇస్తామని చట్టం చేసింది. 1885లో ఆ చట్టాన్ని ఎత్తేసేసరికి దాదాపు 2,00,000 డాలర్లు చెల్లించారు. మొక్క మాత్రం పోలేదు. అసలు ఈ జబ్బుకు మొక్కే కారణమా అన్న అనుమానం కూడా అప్పట్లో గట్టిగానే ఉండేది. మొక్కలో చేరే బేరియం వల్ల వస్తోందని 1908లో ఒక వాదన వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున సి. డ్వైట్ మార్ష్ 1905 నుంచి కొలరాడోలోని హ్యూగోలో పశువులకు ఈ మొక్కల్ని మేపి చూసి, కారణం ఇవేనని 1909లో ప్రకటించారు.

విషం పేరు స్వైన్‌సొనిన్. దాన్ని మొదట వేరుచేసింది ఆస్ట్రేలియాలో, 1979లో, స్వైన్‌సోనా అనే మరో చిక్కుడు కుటుంబపు మొక్క నుంచి. అక్కడి పశువులకూ ఇదే తిక్క. లోకోలో దాన్ని కనుక్కున్నది 1982లో. మన ఒంటి కణాల్లో కొన్ని చక్కెర గొలుసుల్ని తుంచి శుభ్రం చేసే ఎంజైము ఒకటుంటుంది. స్వైన్‌సొనిన్ దాన్ని పట్టి ఆపేస్తుంది. తెగని గొలుసులు కణాల్లో పేరుకుంటాయి, మెదడు కణాలతో సహా. పశువు నడకలో కనిపించే తడబాటుకు మూలం అది.

ఈ కథలో నన్ను బాగా పట్టుకున్న విషయం ఇంకొకటి. ఆ విషాన్ని తయారుచేసేది మొక్క కాదు, మొక్క లోపల కాపురముండే ఒక శిలీంధ్రం. పైకి తెగులు గుర్తులేవీ కనిపించవు. విత్తనం ద్వారా తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు వెళుతుంది. శిలీంధ్రం లేని మొక్కలో విషం దాదాపు ఉండదు. అలాంటప్పుడు మొక్కను పిచ్చిది అనడం మరీ అన్యాయం.

ఇక మన మాటలకు వద్దాం. పిచ్చికి తోడు 'వెర్రి' ఉంది కదా, పాత రాతలో బండి ఱతో 'వెఱ్ఱి'. పంటల దగ్గర దీనికి నాకు కనీసం రెండు అర్థాలు కనిపిస్తున్నాయి. వెర్రి నువ్వులు, వెర్రి పుచ్చ అన్నచోట, ఇంటి పంటను పోలినదే గానీ అది కాదు అని. వెర్రి నువ్వులు తిని ఎవరికీ వెర్రెత్తదు, వాటినుంచి నూనె తీస్తారు. నువ్వు చేలో, కంది చేలో వచ్చే 'వెర్రి తెగులు' వేరే సంగతి. నువ్వు మొక్కకు పూలు రావలసినచోట ఆకుల గుబురు వస్తుంది, కంది మొక్క పూత లేకుండా గొడ్డుపోతుంది. అక్కడ వెర్రి నిజంగా మొక్కదే. తన ధర్మం తాను మరిచిన మొక్క. రైతు ఎంత చూసి పెట్టాడో ఆ పేరు!

తిన్నవాడికి వెర్రెత్తించే మొక్కకు కూడా మనకు పేరుంది. వెతకాల్సిన పనిలేదు, పెరట్లోనే ఉంది: ఉమ్మెత్త. సంస్కృతపు 'ఉన్మత్త' నుంచి వచ్చింది. అమరకోశంలో ఉమ్మెత్త పేర్ల వరస ఇది:

ఉన్మత్తః కితవో ధూర్తో ధత్తూరః కనకాహ్వయః

పిచ్చివాడు, జూదరి, మోసగాడు, ధత్తూరం, బంగారం పేరు గలది. తిన్నవాడి స్థితిని తినిపించినదానికి అంటగట్టడం ఇక్కడ జరిగింది, లోకోలోనూ అదే జరిగింది. ఒకటి సంస్కృతంలో, ఒకటి కొలరాడో కాపరుల నోట. ఈ రెంటికీ సంబంధం లేదు, మనుషులు పశువునో మనిషినో చూసి మొక్కకు పేరు పెట్టే తీరు మాత్రం ఒకటే. మరో ముచ్చట: గ్రీకులో ఆస్ట్రగలోస్ అంటే మడమ దగ్గరి ఎముక, దానితో పాచికలాడేవారు. అమరుడు ఉమ్మెత్తను జూదరి అన్నాడు. కాకతాళీయమే అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

కాబట్టి నా మాట: లోకోవీడ్ మన లెక్కలో పిచ్చి మొక్క వరసది కాదు, ఉమ్మెత్త వరసది. దానికి తగ్గ పేరు ఏమిటో మీరు చెప్పండి.

— కడప నుంచి:
అన్నా, మా తట్టు సర్కారు తుమ్మను పిచ్చి తుమ్మ అని కూడా అంటారు. గుజరాతీలో దాని పేరు 'గాండో బావళ్', అంటే అచ్చంగా పిచ్చి తుమ్మే. అది తిని ఎవరికీ పిచ్చి పట్టదు, ఎవరూ నాటనిదీ కాదు. జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1877లో మా జిల్లాలోని కమలాపురంలో నాటించింది సర్కారే. మరి ఇది నీ లెక్కలో ఏ వరస?

— మొదటి టపా రాసినవారు:
మంచి ప్రశ్న తమ్ముడూ, నేను వదిలేసిన అర్థం అదే. అడ్డూ ఆపూ లేకుండా పెరగడం. 'వెర్రితలలు వేస్తోంది' అంటాం చూడు, ఆ వెర్రి. నీ తుమ్మ కూడా చిక్కుడు కుటుంబమే, అమెరికా ఖండపుదే, ఈ చర్చకు పరాయిది కాదు. అరిజోనా ఎడారిలో దాని తోబుట్టువు మెస్కీట్ ఉంది. అక్కడి ఓఓధమ్ ప్రజలు తరతరాలుగా దాని తియ్యటి కాయల్ని దంచి పిండి చేసుకుని తిన్నారు. పుట్టింట్లో అది అన్నం. ఇక్కడికొచ్చి చెరువుల్లో, బీళ్లలో కమ్ముకునేసరికి మన నోట పిచ్చిదైంది. అంటే 'పిచ్చి' మొక్క గుణం కాదు, మనకూ దానికీ ఉన్న సంబంధం.

— పాలమూరు నుంచి, పశువైద్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు:
మేత విషానికి మా దిక్కు ఒక మాట ఉంది, ఎవరూ ఎత్తలేదు: నాము. వానలు మొహం చాటేసినప్పుడు లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకలు మేసి పశువు పడిపోతే 'నాము తగిలింది' అంటారు. అది సైనైడు. 'లోకో నాము' అంటే పశువులున్న ప్రతి ఇంట్లో అర్థమవుతుంది.

— మొదటి టపా రాసినవారు:
డాక్టరమ్మా, ఈ మాట మీరు తేవడం ఎంత బాగుందో. ఒక్క సందేహం. జొన్న కాకుండా వేరే మేతకు నాము అనడం మీరు విన్నారా?

— పాలమూరు నుంచి:
లేదండీ, జొన్నకే విన్నాను. మీరు అడిగాక ఇంకోటి కూడా తోస్తోంది. నాము తగిలితే పశువు నిమిషాల్లో కూలుతుంది, సూది వెంటనే పడాలి. మీరు చెప్పే లోకో వారాల మీద పనిచేస్తుంది. నాము అని రాస్తే చదివిన రైతు గబుక్కున కూలడాన్నే ఊహించుకుంటాడు. నా సూచన వెనక్కి తీసుకుంటున్నాను. రోగానికి 'లోకో వెర్రి' అనండి. 'వెర్రి' అంటే చాలు, నడక తప్పిన పశువు కళ్లముందుకొస్తుంది.

— డెన్వర్ నుంచి:
మా ఇంటికి దగ్గర్లోని కొండల్లో వేసవి మొదట్లో ఇవి విరగబూస్తాయండి. ఊదా, తెలుపు, రెండూ కలిసిన మధ్యరంగులు కూడా. పూవు చూస్తే మన కంది పూవు, జనుము పూవు గుర్తొస్తాయి. అడుగున కలిసిపోయే రెండు రేకుల్ని మన వృక్షశాస్త్ర పుస్తకాల్లో ద్రోణి అన్నారు కదా, ఆక్సీట్రోపిస్‌లో దాని కొన ముక్కులా వాడిగా ఉంటుంది, ఆస్ట్రగలస్‌లో మొద్దుగా ఉంటుంది. ఆక్సీట్రోపిస్ అన్న గ్రీకు పేరుకు అర్థమే వాడి ద్రోణి. ఇంకో గుర్తు: కాయ ఎండాక ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. అందుకే కొన్నిచోట్ల వీటిని 'రాటిల్‌వీడ్' అని కూడా పిలుస్తారు.

— మొదటి టపా రాసినవారు:
అమ్మా, ఆ గలగలతో నాకు కావలసిన మాట దొరికింది. గిలిగిచ్చ! మన బీళ్లలో పసుపు పూలు పూసే, జనుముకు దగ్గరి చుట్టమైన మొక్క. ఉబ్బిన కాయ ఎండితే పిల్లలు గిలక్కాయలా ఆడించుకుంటారు. అదీ చిక్కుడు కుటుంబమే, దాని విషమూ పశువులకు మంచిది కాదు. ఆ విషం వేరు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కానీ పేరు పెట్టడానికి కావలసిన పోలికలు ఇన్ని ఒకేచోట దొరకడం అరుదు.

— రాజమండ్రి నుంచి:
మాస్టారూ, ఇంత తిప్పలు ఎందుకు? ఉన్మత్త మీరే ఇచ్చారు, కాయకు శింబి అని సంస్కృతం ఉంది. 'ఉన్మాదశింబి' అంటే శాస్త్ర గ్రంథానికి హుందాగా ఉంటుంది.

— మొదటి టపా రాసినవారు:
కూర్పులో తప్పు లేదండీ, అర్థం కూడా సరైనదే. కానీ ఆలోచించండి, ఉన్మత్త మన నోళ్లలో నలిగి ఉమ్మెత్త అయ్యాకే ఊరి మాట అయింది. ఉన్మాదశింబి అలా నలగాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని మేత దగ్గర పలకాలి. గొర్రెల కాపరి పలకని పేరును పశువుల రోగం గురించిన వ్యాసంలో పెట్టడానికి నాకు మనసొప్పదు.

— కాజీపేట నుంచి:
వట్టి 'లోకో' అని మాత్రం వదిలేయకండి సార్. మాది రైల్వే ఊరు. లోకో షెడ్డు, లోకో పైలట్ అంటూ పెరిగినోళ్లం. 'లోకో మేసి గుర్రం పడిపోయింది' అని చదివితే మా ఇంట్లో ఇంజనే గుర్తొస్తుంది.

— మొదటి టపా రాసినవారు:
ఇది నాకు తట్టనే లేదు, చెప్పి మంచి పని చేశారు. ఆ 'లోకో' లాటిన్‌లో చోటు అనే మాట నుంచి వచ్చింది, ఈ స్పానిష్ మాటతో దానికి చుట్టరికం లేదు. తెలుగు లిపిలో మాత్రం రెండూ ఒకటే, కాబట్టి పక్కన ఇంకో మాట ఉండి తీరాలి.

ఇప్పటికి నేను రాయబోయేది ఇలా: మొక్కకు 'లోకో గిలిగిచ్చ', రోగానికి డాక్టరమ్మగారి 'లోకో వెర్రి'. మొదటిసారి వచ్చినచోట, మేసిన పశువుకు వెర్రెత్తించే మొక్క అని ఒక వాక్యం. 'వెర్రి గిలిగిచ్చ' అని కుదించమని ఇద్దరు విడిగా సందేశం పెట్టారు. అలా కుదిస్తే అది వెర్రి నువ్వుల వరసలోకి, అంటే మొదటి చిక్కులోకే పోతుంది, అందుకని వద్దంటున్నాను. గొర్రెలు, మేకలు మేపే ఇళ్లవాళ్లు గుంపులో ఎవరైనా ఉంటే, మేత పడక పశువు తిక్కగా తిరిగితే మీ దగ్గర ఏమంటారో ఊరి పేరుతో సహా రాయండి. 'నాము' లాంటిది ఇంకోటి ఎక్కడో ఉండే ఉంటుంది.