టమాట పండిందని కోతికి తెలుస్తుంది, నాకు తెలియదు

ప్రశ్న (హనుమకొండ)
మా డాబా మీద కుండీల్లో టమాట పెంచుతున్నాము. పుట్టుకతోనే నాకు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు కాబట్టి, వేలితో నొక్కి చూస్తే తప్ప కాయ పండిందో లేదో చెప్పలేను. పిట్టగోడ మీదికి వచ్చే కోతి మాత్రం ఆకుల నడుమ ఉన్న ఒక్క పండును తెంపుకొని, పక్కనున్న పచ్చికాయలను ముట్టకుండా పోతుంది. దాని కన్ను నా కన్ను కంటే మెరుగైనదా?

జవాబు (కాజీపేట, జంతుశాస్త్ర అధ్యాపకుడు)
రంగుల విషయంలో మెరుగైనదే, నొచ్చుకోకండి. మన ఊళ్లలో తిరిగేవి మకాక్ జాతి కోతులు. మామూలు మనిషికి ఉన్నట్టే వాటి రెటీనా (కంటి లోపలి తెర)లోనూ రంగులను పట్టే శంకు కణాలు మూడు రకాలు ఉంటాయి. వాటిలో సుమారు 530, 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కాంతిని ఎక్కువగా గ్రహించే రెండు రకాల స్పందనల్లోని తేడాను బట్టే మెదడు ఎరుపును ఆకుపచ్చ నుంచి విడదీస్తుంది. ఈ రెండింటి జన్యువులూ ఎక్స్ క్రోమోజోమ్ మీదనే ఉన్నందున, అక్కడ ఒకటి లోపిస్తే, ఒకే ఎక్స్ ఉన్న మగవారిలో ఆ లోపం బయటపడుతుంది. మకాక్‌లలో ఇది చాలా అరుదు. దక్షిణ అమెరికా కోతుల్లో మాత్రం చాలా జాతుల మగవన్నీ మీలాగే చూస్తాయి.

జవాబు (నర్సంపేట)
మా మక్కచేను చుట్టూ కట్టిన పాత చీరలకు అడవిపందులు కొన్నాళ్లు జంకాయి, కోతులు రెండో రోజే వాటిని దాటాయి. కన్ను మనలాంటిదే అయితే, అవి చూసేదీ మనం చూసేదీ ఒకటేనా?

జవాబు (కాజీపేట)
కాదు. చిన్న చతురస్రాలను పేర్చి చేసిన పెద్ద వృత్తాన్ని చూపితే మనిషి ముందు వృత్తాన్ని పట్టుకుంటాడు. 1997లో ఫాగో, డెరుయెల్ అనే పరిశోధకులు ప్రచురించిన ఇటువంటి ప్రయోగాల్లో బబూన్‌లు అనే ఆఫ్రికా కోతులు ముందుగా చిన్న ఆకారాలనే గుర్తించాయి. కన్ను అందించినదాన్ని మెదడు కూర్చుకునే తీరులోనే అసలు తేడా ఉంది. ఇక ప్రశ్న అడిగినవారికి ఒక మాట: కోస్టారికాలోని కపుచిన్ కోతుల్లో, మీలాగే రెండు రకాల శంకు కణాలతోనే చూసేవి ఆకుల్లో కలిసిపోయిన పురుగులను పట్టడంలో మిగతావాటి కంటే మెరుగ్గా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు
టమాట ఆకుల మీది పచ్చపురుగులను మా ఇంట్లో అందరికంటే ముందు ఏరేది నేనే. ఇన్నాళ్లూ అది అలవాటనుకున్నాను.