అయిపోయిన యుద్ధాలకి మనం ఇంకా ట్యాక్స్ కడుతున్నామా?

ఒంగోలు_టు_ఆస్టిన్:
పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది, ఈసారి మొదటిసారి ఓటు వేయబోతున్నా కాబట్టి కొంచెం తెలుసుకుందామని అడుగుతున్నా. మా టీమ్‌లో ఒకాయన ఇరాక్‌లో పనిచేసి వచ్చిన మాజీ సైనికుడు. ట్యాక్స్ ఫైలింగ్ గురించి మాట్లాడుకుంటుంటే "ఆ యుద్ధానికి మనం ఇంకా కడుతూనే ఉన్నాం" అన్నాడు. నాకు ఎక్కలేదు. 2021 ఆగస్టులో కాబూల్ నుంచి ఆఖరి విమానం కూడా లేచిపోయింది కదా, ఇంకా కట్టేదేంటి? గూగుల్ చేస్తే 9/11 తర్వాతి యుద్ధాల ఖర్చు ఒకచోట రెండు ట్రిలియన్ డాలర్లు, ఇంకోచోట ఎనిమిది ట్రిలియన్లు. మా బావేమో ఇదంతా లెఫ్ట్ వాళ్ల గోల, డిఫెన్స్ మొత్తం కలిపినా జీడీపీలో మూడు శాతం చిల్లర, నీకెందుకు టెన్షన్ అంటాడు. పార్టీల తిట్లు వద్దు ప్లీజ్, విషయం చెప్పండి.

లెక్కల_పంతులు:
రెండు అంకెలూ తప్పు కాదు, ఏమేం కలిపారన్నదే తేడా. యుద్ధం పేరు చెప్పి పెంటగాన్‌కి నేరుగా ఇచ్చింది రెండు ట్రిలియన్ల చుట్టుపక్కల ఉంటుంది. బ్రౌన్ యూనివర్సిటీలో "కాస్ట్స్ ఆఫ్ వార్" అని ఒక ప్రాజెక్టు ఉంది, వాళ్లు 2021లో వేసిన లెక్కలో అప్పుల మీద వడ్డీ, హోమ్‌లాండ్ సెక్యూరిటీ, 2050 దాకా మాజీ సైనికుల వైద్యానికీ పరిహారానికీ పెట్టాల్సిన 2.2 ట్రిలియన్లు, ఇవన్నీ కలిపితే ఎనిమిది అయ్యింది.

నాకు ఒళ్లు మండేది అంకె పెద్దదని కాదు, దాన్ని జనం కంట పడకుండా నడిపిన తీరుకి. 2002లో బుష్ ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే ఇరాక్‌కి వంద నుంచి రెండొందల బిలియన్లు కావచ్చని నోరు జారాడు, డిసెంబర్‌కల్లా ఇంటికి పంపేశారు. రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ అయితే యాభై బిలియన్లలోపే అన్నాడు! 2003 మార్చిలో బాంబులు మొదలయ్యాయి, మే నెలలో అదే ప్రభుత్వం ట్యాక్సులు తగ్గించింది. యుద్ధం మధ్యలో ట్యాక్స్ కోత. కొరియా యుద్ధానికి ట్రూమన్ పన్నులు పెంచాడు, వియత్నాం అప్పుడు 1968లో జాన్సన్ ఆదాయపన్ను మీద పది శాతం సర్‌చార్జి వేశాడు, అంటే అప్పట్లో జనానికి సెగ తగిలేది, తగిలింది కాబట్టే నిలదీశారు. ఈసారి అంతా అప్పు చేసి పప్పు కూడు. పైగా చాలా ఏళ్లు ఈ డబ్బుని మామూలు బడ్జెట్‌లో పెట్టకుండా "ఎమర్జెన్సీ" బిల్లుల్లో పాస్ చేశారు. ఐదో ఏడు కూడా ఎమర్జెన్సీ ఏంటండీ? యుద్ధం జరుగుతోందని వాళ్లకి ముందు తెలీదా? డెమొక్రాట్లు పత్తిత్తులేం కాదు, ఓబామా వచ్చాక దానికి కొత్త పేరు పెట్టి ఇంకో పద్దు తెరిచారు, 2009లో వాళ్ల పార్టీ డేవిడ్ ఓబీ అఫ్గాన్ యుద్ధానికి విడిగా పన్ను వేద్దామంటే సొంత పార్టీ నాయకత్వమే పక్కన పడేసింది.

ఫోర్ట్‌వర్త్_రెడ్డి:
ఎప్పుడూ ఇదే పాట. పంతులు గారూ, 9/11 దాడుల్లో దాదాపు 3000 మంది చచ్చిపోయాక ఏ దేశమైనా చేతులు కట్టుకుని కూర్చుంటుందా? మా ఊళ్లో ఎఫ్-35 యుద్ధవిమానాల ప్లాంటు మీద ఎన్ని వేల ఇళ్లు నడుస్తున్నాయో వచ్చి చూడండి, ఆ డబ్బు చందమామలోకి పోలేదు. బడ్జెట్‌లో అసలు బరువు సోషల్ సెక్యూరిటీ పెన్షన్లు, పెద్దవాళ్ల వైద్యానికిచ్చే మెడికేర్. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.

లెక్కల_పంతులు:
అఫ్గానిస్తాన్ వెళ్లడం వరకు మీతో సగం ఒప్పుకుంటా. ఇరాక్‌కీ 9/11కీ సంబంధం ఏంటో చెప్పండి, ఉన్నాయన్న ఆయుధాలు దొరకలేదు కూడా. ప్లాంటు సంగతి సరే, అదే డబ్బుతో బ్రిడ్జిలు కట్టినా జీతాలు వస్తాయి.

ఫిజియో_సుజాత:
నేను ఫిజికల్ థెరపిస్టుని, మాజీ సైనికులు రోజూ వస్తారు కాబట్టి "ఇంకా కట్టేదేంటి" అన్నదానికి చెప్తా. నలభై దాటిన మనిషి, చూడ్డానికి రాయిలా ఉంటాడు, ముప్పై కిలోల పైన బరువు మోసీ మోసీ మోకాళ్లూ నడుమూ అరవై ఏళ్లవాళ్లలా అయిపోయి ఉంటాయి, ఒక చెవిలో ఎప్పుడూ హోరు, నేను కుడివైపు నిలబడి చెప్తే వినపడదు. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. ఇరాక్‌లో బేస్‌లలో ప్లాస్టిక్, బ్యాటరీలు, ఆస్పత్రి చెత్త అన్నీ కలిపి గుంటల్లో తగలబెట్టేవారు, బలాద్‌లో అయితే ఆ గుంట ఎకరాల కొద్దీ ఉండేది. ఆ పొగ వల్లే జబ్బు అని పెట్టుకున్న క్లెయిమ్‌లు ఏళ్ల తరబడి ఎక్కువ భాగం తిరస్కరించారు, 2022లో ఇలాంటి జబ్బుల వాళ్ల కోసం పాక్ట్ యాక్ట్ అనే చట్టం వచ్చాకే దారి దొరికింది. వాళ్లకి పెన్షన్ వద్దనే మనిషి ఉంటే నేను మాట్లాడను కూడా, కానీ యుద్ధం మొదలుపెట్టేటప్పుడు ఈ బిల్లు ఎవరూ చూపించలేదు.

ఇది ఇప్పట్లో తగ్గదు కూడా. 1918లో ముగిసిన యుద్ధం సైనికులకి పరిహారం చెల్లింపులు గరిష్ఠానికి చేరింది 1969లో. సివిల్ వార్ సైనికుడి కూతురు ఒకావిడ 2020లో చనిపోయేదాకా నెలకి 73 డాలర్ల 13 సెంట్లు తీసుకుంది. 1865లో ముగిసిన యుద్ధానికి!

నిజామాబాద్_శీను:
డబ్బు ఒక్కటే కాదన్నా. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను వచ్చి న్యూఆర్లీన్స్ మునిగిపోతుంటే లూసియానా నేషనల్ గార్డ్ 256వ బ్రిగేడ్ ఇరాక్‌లో ఉంది. వరదలొస్తే జనాన్ని కాపాడాల్సినోళ్లు, వాళ్ల ఇళ్లే మునుగుతుంటే బాగ్దాద్ దగ్గర కూర్చుని టీవీలో చూశారు. తర్వాత సైన్యం దగ్గర మిగిలిన సామాను పోలీసులకి ఇచ్చారు, చిన్న చిన్న టౌన్లకి మైన్లను తట్టుకునే ట్రక్కులు. ఆ టౌన్లలో మైన్లు ఎవడు పెడతాడో మరి.

ఒంగోలు_టు_ఆస్టిన్:
అందరికీ థాంక్స్. సుజాత గారి పోస్టు మా బావకి పంపా. చదివి, అయినా మూడు శాతమే కదా అని మళ్లీ మొదలెట్టాడు.

లెక్కల_పంతులు:
2024లో ఫెడరల్ ప్రభుత్వం అప్పుల మీద కట్టిన నికర వడ్డీ, డిఫెన్స్ ఖర్చుని దాటిపోయిందని చెప్పండి. అందులో యుద్ధాల వాటా ఎంత, ట్యాక్స్ కోతలది ఎంత, కోవిడ్‌ది ఎంత అని ఆయన వాదిస్తే వాదించనివ్వండి, ఆ వాదనకి విలువుంది. కానీ వడ్డీ డిఫెన్స్ పద్దులోకి రాదు, మాజీ సైనికుల ఖర్చుకీ విడిగా వేరే శాఖ ఉంది, ఆయన చెప్పే మూడు శాతంలో ఆ రెండూ లేవు.